మా ఇంట్లో అమ్మవారు ఎవరికి పోసిందంటే

పోయిన నెల మా ఇంట్లో అమ్మవారు పోసిన సంగతి చిత్తూరంతా తెలుసు. ఎవరికి పోసిందో మాత్రం ఒక్కరూ సరిగా చెప్పడం లేదు. మా ఆయనకి అని కోర్టులో అనుకున్నారట. మా అత్తకి అని మార్కెట్లో. నేనైతే ఏకంగా పోయానని కూడా ఒక కబురు నడిచింది. స్కూలుకి సెలవిస్తారేమోనని నా క్లాసు పిల్లలు మధ్యాహ్నం దాకా ఆశగా చూశారట! కాఫీ చల్లారకముందే తాగండి, అసలు సంగతి నేను చెబుతాను. బతికే ఉన్నాను కదా, నాకంటే బాగా ఎవరు చెబుతారు?

పోసింది చేపకి.

నవ్వండి, నవ్వండి. నేనూ మొదట నవ్వాను.

మద్రాసు మీద జపానువాళ్ళ బాంబులు పడతాయని జనం ఊళ్ళు పట్టుకుని పారిపోయి వచ్చారు కదా, అప్పుడు ఒక అరవ కుటుంబం మా ఇంటి ముందుభాగంలో అద్దెకు దిగింది. సామానుతోపాటు ఒక గాజు తొట్టి, అందులో ఒక బంగారు చేప. భయం తగ్గాక వాళ్ళు తిరుగు ప్రయాణం కట్టారు. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు కదా, దాని కండక్టరు తొట్టిని చూడగానే చేతులు అడ్డం పెట్టాడు. "నీళ్ళు తొణికితే నా బొగ్గు పొయ్యి ఆరిపోతాది సామీ. ఆరిపోతే మీరే దిగి తోయాల." అంతే, తొట్టి మా వరండాలో మిగిలిపోయింది.

మా అత్త మడి మనిషి. "నీసు ఇంట్లోనా! తొట్టితో సహా వీధిలో పెట్టండి!" అని మొదటిరోజు గొంతు చించుకుంది. రెండో వారానికి వరండాలో కూర్చుని అనపకాయలు వొలుస్తూ గాజు మీద వేలు పెట్టడం మొదలుపెట్టింది. వేలు ఎటు జరిపితే చేప అటు వచ్చేది. ఇంకొన్నాళ్ళకి నేను స్కూలు నుంచి రాగానే నా మొహం చూడకుండా అడిగేది, "బిడ్డకి పొద్దున ఏమన్నా ఏసినావా?"

నేను మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని, అదీ జంతుశాస్త్రం. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతాను. చేపని చూసుకోవడం నాకొక లెక్కా అనుకున్నాను. ఇక్కడినుంచి జాగ్రత్తగా వినండి.

ఈసారి ఎండలు తొందరగా ముదిరాయి, స్కూలు ఒంటిపూట పెట్టారు. మధ్యాహ్నం తొట్టిలో చేయి పెడితే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పాపం ఉడికిపోతుందని నాకు జాలి వేసింది. నాకు జాలి ఎప్పుడో గానీ వేయదు, వేసినప్పుడల్లా ఎవరో ఒకరికి మూడుతుంది. వంటింట్లో చల్లనీళ్ళ కుండ ఉందిగా, వట్టివేళ్ళు వేసి పెట్టిన నీళ్ళు. రెండు చెంబులు తెచ్చి తొట్టిలో కుమ్మరించాను. చేప ఒక్కసారి ఎగిరి పడి, సర్రుమని తొట్టి చుట్టూ తిరిగింది.

"చూశారా అత్తా, ఎంత హాయిగా ఉందో దానికి!"

"హాయా? ఒణుకుతా ఉండాదే!"

"ఆనందం అది."

రోజూ మధ్యాహ్నం వడదెబ్బ తగలకుండా వట్టివేళ్ళ స్నానం. వారం గడిచింది. చేప అడుగున ఉన్న గులకరాళ్ళకి ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఇటు ఒక రుద్దు, అటు ఒక రుద్దు. ఆడుకుంటోందని నేను. "ఆట కాదే, అది దురద. ఒళ్ళు గీక్కుంటా ఉండాది," అని అత్త. తరువాత పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేయసాగింది. ఆకలి అనుకుని నేను బొరుగులు నలిపి వేశాను. తినలేదు. రుచించలేదేమోనని అన్నం మెతుకులు వేశాను. అవి అడుక్కి చేరి కుళ్ళి, నీళ్ళు కడుగునీళ్ళలా తయారయ్యాయి. ఆపైన రెక్కలు విప్పడం మానేసింది. ఒంటికి అంటించుకుని ఒక మూల నిలబడిపోయింది.

"కొంగు కప్పుకున్నట్టుండాది సూడు. చలిజొరం దీనికి."

"అత్తా, చేపకి జ్వరం రాదు. దాని రక్తం చల్లది."

"నీ చదువు నీకాడ పెట్టుకో."

మర్నాడు పొద్దున ఒంటి నిండా తెల్ల చుక్కలు! ఉప్మా రవ్వ చల్లినట్టు, తోక మీద, రెక్కల మీద, కంటి పక్కన. అత్త చూసింది. చెంపలు వాయించుకుంది.

"తల్లీ, వచ్చినావా!"

ఇంక చూడండి మా ఇంటి సంగతి. గుమ్మానికి వేపమండలు. తొట్టి చుట్టూ వేపాకు. గాజు మీద పసుపు. ఇంట్లో తాలింపు బంద్. నూనె సెగ తగలకూడదు, ఆవాలు చిటపటమనకూడదు, ఎవరూ ఎవరినీ కసురుకోకూడదు. తల దువ్వుకోకూడదు. జబ్బు అనకూడదు, తల్లి అనాలి. మా ఆయన వకీలు, కోర్టుకి పోయే తొందరలో పీట మీద కూర్చుని చారు నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏమే, దీంట్లో తాలింపు ఏదీ?"

"చేపకి అమ్మవారు పోసింది."

"చేపకి పోస్తే నా చారులో తాలింపు ఎందుకు ఉండకూడదు? ఇదెక్కడి లా పాయింటు?"

"మీ అమ్మగారి కోర్టు. అప్పీలు లేదు. తినండి."

అప్పటిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం మాత్రం నవ్వు ఆగింది. అత్త తొట్టి పక్కన చాప వేసుకుని వేపమండతో గాజు మీద విసురుతోంది. నీళ్ళలో ఉన్నదానికి గాలి ఏం తగులుతుంది? అదే అడిగాను. ఆమె విసరడం ఆపకుండానే చెప్పింది.

"అలివేలుకి ఒక తూరన్నా ఇసరలేదు నేను."

అలివేలు ఎవరో నాకు లీలగా తెలుసు. మా ఆయనకంటే ముందు పుట్టిన ఆడపిల్ల, పసితనంలోనే పోయింది. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"వీడు పుట్టినప్పుడే దానికి పోసినాది. నాలుగేండ్ల బిడ్డ. పురిట్లో ఉండేదాన్ని, ఆ గదిలోకి నన్ను పోనియ్యలేదు. పసిగుడ్డుకి అంటుకుంటాదని. గోడకి అవతల అది అమ్మా అని పిలస్తా ఉండినాది, ఇవతల నేను వీడికి పాలిస్తా ఉండినాను. ఒకదినం పిలిచేది నిలిచిపోయినాది."

వేపమండ ఆడుతూనే ఉంది.

"ఇది బతకాల," అంది. "ఇదన్నా బతకాల."

తాలింపు లేని చారు తినడానికి నాకేం కష్టం లేదనిపించింది. కానీ చేపకి పట్టింది అమ్మవారు కాదని, ఏదో పురుగని నాకు తెలుసు. అలాంటివాటికి ఉప్పునీళ్ళు మంచివని కూడా ఎక్కడో చదివినట్టు జ్ఞాపకం. చిక్కేమిటంటే అమ్మవారు పోసినవాళ్ళకి ఉప్పు తగలకూడదు. కాబట్టి అత్త స్నానానికి పోయినప్పుడల్లా ఒక గుప్పెడు కల్లుప్పు కరిగించి, దొంగలా తొట్టిలో పోయడం మొదలుపెట్టాను. అత్త వేపాకు పైన, నా ఉప్పు కింద. చేప ఎవరి మాట విందో దానికే తెలియాలి. ఒకరోజు ఆమె లేత కొబ్బరినీళ్ళు కూడా పోయబోతే చేయి పట్టుకుని ఆపాను. "తల్లికి చలవ," అంది. "తల్లికి తీపి పడదట," అన్నాను. నాకు అబద్ధాలు ఇంత తేలిగ్గా వస్తాయని అంతకుముందు తెలియదు.

ఈలోగా వేపమండలు వాటి పని అవి చేశాయి. పాలు పోసే మునెమ్మ గేటు దగ్గరే చెంబు పెట్టి, తల్లికి దండం పెట్టి, వెనక్కి తిరక్కుండా పోయింది. చాకలి బట్టలు ముట్టుకోలేదు. మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్సు ప్యూను చేత కబురు పంపింది, ఇంట్లో అంటురోగం తగ్గేదాకా రావద్దని. ప్యూను వీధి అవతల నిలబడి అరిచాడు.

"ఎవరికమ్మా పోసినాది?"

"చేపకి!"

"ఎవరికీ?"

"చేప! నీళ్ళలో ఉంటుందే, చేప!"

వాడు పోయి ఏం చెప్పాడో తెలుసా? టీచరమ్మకే పోసింది, జ్వరం తలకెక్కి ఏదేదో మాట్లాడుతోంది అని.

రెండు రోజులకి మునిసిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. ఖాకీ నిక్కరు, తల మీద టోపీ, వెనకాల పెట్టె పట్టుకుని టీకాల మనిషి. అంటురోగం దాచిపెడితే కేసు పెడతానని గుమ్మంలోనే మొదలుపెట్టాడు. నేను చెప్పేలోపల అత్త అందుకుంది.

"అరవవాకు నాయనా, తల్లి ఉండే ఇల్లు. బూట్లిడిసి రా."

పాపం విడిచాడు. లోపలికి వచ్చి మంచం కోసం చూశాడు.

"రోగి ఎక్కడవ్వా?"

"రోగి అనవాకు. ఇదో, నీ మోకాలికాడ ఉండాది."

వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నా వైపు తిరిగాడు. అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందనుకున్నారు? "నేను సైన్సు టీచర్ని!" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన చూపు మరీ ఘోరంగా మారింది.

"మనుషులెవరికీ లేదు కదమ్మా?"

"లేదు. అందరం బాగున్నాం."

"అయితే పదరా," అని టీకాల మనిషితో అన్నాడు. వాడు కదల్లేదు. "మందు గొట్టం పగలగొట్టేసినా సార్. ఎవరికో ఒకరికి ఎయ్యకపోతే వేస్టయిపోతాది." గుమ్మంలోకి రాకముందే పగలగొట్టాడట, అంత హుషారు! అలా నాకు, మా ఆయనకి, అత్తకి వరసగా టీకాలు గీశాడు. నా చేయి గుమ్మడికాయలా వాచింది. మా ఆయన జడ్జి ముందు చేయి ఎత్తి వాదించలేక వాయిదా అడిగాడు. పోయేముందు అత్త ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టుకుంది.

"మాకందరికీ ఏసినావు. బిడ్డకి ఎయ్యవా?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "వచ్చినాక ఎయ్యకూడదవ్వా," అన్నాడు మెల్లిగా, ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పినట్టు. బూట్లు చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ తొడుక్కున్నాడు.

నాలుగోరోజో అయిదోరోజో, పొద్దున అత్త కేక విని పరిగెత్తాను. చుక్కలు లేవు! ఒక్కటి కూడా లేదు. ఒళ్ళు నున్నగా మెరుస్తోంది. రెక్కలు కాస్త విప్పింది.

"దిగిపోయినాది! తల్లి చల్లంగా దిగిపోయినాది!"

అమ్మవారు తగ్గినవాళ్ళకి తలకి నీళ్ళు పోస్తారు కదా. చేపకి తల ఎక్కడని పోస్తాం? తొట్టి కడిగి, ఎండలో పెట్టిన నీళ్ళలో పసుపు, వేపాకు కలిపి పోసింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆవాలు చిటపటలాడాయి. మా ఆయన చారు రెండుసార్లు వేయించుకున్నాడు. అత్త తొట్టి ముందు కూర్చుని నవ్వింది. కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయింది, ఆమె పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడలేదు. వేలు అటు జరిపితే చేప అటు, ఇటు జరిపితే ఇటు.

నాకూ లోపల గర్వంగానే ఉంది. నా ఉప్పు గెలిచింది అనుకున్నాను. తగ్గిపోయాక కూడా పెద్దావిడని మోసం చేయడం ఎందుకని ఉప్పు ఆపేశాను. నేను ఈ మొత్తం వ్యవహారంలో చేసిన ఒకే ఒక్క నిజాయితీ పని అది.

మూడు రోజులు గడిచాయి. చేప మళ్ళీ రాళ్ళకి రుద్దుకుంది. మర్నాటికి చుక్కలు తిరిగి వచ్చాయి. ఈసారి రవ్వ చల్లినట్టు కాదు, బియ్యప్పిండిలో దొర్లించినట్టు.

అప్పుడు, ఆ తొట్టి ముందు నిలబడి ఉండగా, నాకు గుర్తొచ్చింది. ఎక్కడో కాదు, మా కాలేజీలో, క్లాసులో. ఏకకణ జీవులు. గుండ్రటి పురుగు, దాని లోపల గుర్రపు లాడం ఆకారంలో ఒక గుర్తు. నేనే గీశాను ఆ బొమ్మ! ఆ పురుగు చేప ఒంటి మీద చుక్కలా బలుస్తుంది, బలిసి రాలిపోతుంది. రాలి అడుక్కి చేరి, ఒకటి వందలవుతుంది. ఆ వందలూ పైకి లేచి మళ్ళీ చేపని పట్టుకుంటాయి. కాబట్టి చుక్కలు రాలితే తగ్గినట్టు కాదు, మందు విడవకుండా వేయాల్సింది సరిగ్గా అప్పుడే. ఉన్నట్టుండి చల్లనీళ్ళు తగిలిన చేపని ఇది తొందరగా పడుతుందని కూడా లెక్చరరు చెప్పింది. అన్నీ చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. రాశాను. మార్కులు పడ్డాయి. మార్కులు పడ్డాక ఇంక ఆ విషయం తలలో ఉండటం దేనికి, ఖాళీ చేసి పోయింది.

ఉప్పు జాడీ ఎత్తుకుని వరండాలోకి వచ్చాను. అత్త తొట్టికి అడ్డం నిలబడింది.

"ఉప్పేసి సంపుతావా బిడ్డని?"

"చంపను. బతికిస్తాను. మొదటిసారి తగ్గింది దీనితోనే అత్తా. మీరు స్నానానికి పోయినప్పుడల్లా వేశాను."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా మొహంలోకి చూసింది.

"మరి ఎందుకు నిలిపేసినావు?"

ఇన్నేళ్ళుగా పిల్లలకి ప్రశ్నలు ఇస్తున్నాను. అంత సులభమైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

ఆమె పక్కకి జరిగింది. "ఎయ్యి," అంది. "ఉప్పేస్తావో, ఇంకేమేస్తావో, ఏసెయ్యి. బతికితే సాలు నాకు."

వేశాను. నీళ్ళు నులివెచ్చగా చేశాను. చేప మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒక పక్కకి ఒరుగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. అత్త గాజు మీద వేలు పెట్టి జరిపింది. చేప ఆ వేలి వైపు రావాలని చూసింది. నిజంగా చూసింది, నేను ఊహించి చెప్పడం లేదు. రాలేకపోయింది. పొద్దెక్కేసరికి ఒరిగి, అలాగే ఉండిపోయింది.

అత్త ఏడవలేదు. పళ్ళెంలోకి తీసింది, తన చేత్తోనే. చేపని ముట్టుకుంటే మైలని తొట్టితో సహా వీధిలో పెట్టమన్న మనిషి! పసుపు రాసి, పాత జాకెట్టు గుడ్డ చింపి చుట్టింది. మా ఆయన కోర్టు కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఇట్లియ్యమ్మా, పోతా పోతా వంక నీళ్ళలో వేసి పోతాను," అన్నాడు. మంచిగానే అన్నాడు.

"వద్దు," అంది అత్త. "ఆ బిడ్డనీ మీ నాయన అట్లే ఎత్తుకోని పోయినాడు. యాడ పెట్టినారో నాకు సెప్పలేదు. అడిగితే మరిసిపో అన్నారు. ఇది యాడుండాదో నాకు తెలియాల."

మా ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ రోజు కోర్టుకి పోలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గుంత ఆయనే తవ్వాడు, టీకా వేసిన చేయి నొస్తున్నా. మూరెడు చేప కూడా కాదు, బెత్తెడు. దానికి మోకాలిలోతు గుంత. నేను లోతు చాలు అనబోయి మానుకున్నాను. అత్త కూర్చుని గుడ్డమూటని లోపల పెట్టింది. పిడికెడు మట్టి వేసింది. తరువాత ఆయన పూడ్చాడు. పైన వేపమండ ఒకటి గుచ్చి, పసుపునీళ్ళు చల్లింది. చేయి మట్టి మీద ఆనించింది.

కథ అక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేదాన్ని కాదు. మర్నాడు పొద్దున పెరట్లో గంట మోగినట్టయి వెళ్ళి చూద్దును కదా, మునెమ్మ! పాలచెంబు కింద పెట్టి, ఆ మట్టి దిబ్బకి చెంచాడు పాలు పోసి, నిమ్మకాయ పెట్టి, సాష్టాంగపడి ఉంది. మోగింది ఆమె చేతి గాజులు, కడియాలు. లేచి అత్తని అడిగింది.

"ఈ తల్లి ఎవరవ్వా? పేరేమి?"

నేను నోరు తెరిచాను, అది చేప అని చెబుదామని. అత్త ముందే చెప్పేసింది.

"అలివేలు. నా బిడ్డ."

మునెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమ్మా టీచరమ్మా, కొయ్య మాదిరి నిలబడుకోనుండావు? చెప్పులిడిసి మొక్కుకో!"

విడిచాను. మొక్కాను కూడా. బి.ఏ. చదివి, ఏకకణ జీవుల బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, కరివేపాకు చెట్టు కింద చేపకి చేతులు జోడించాను. ఏం కోరుకోవాలో తోచలేదు. పక్కన అత్త కళ్ళు మూసుకుని, నాకు బాగా వినపడేటట్టు, నా తరఫున తనే కోరుకుంది.

"అలివేలూ, మీ మరదలికి రవంత బుద్ధియ్యి తల్లీ."

ఆడబిడ్డ పోరు లేని ఇల్లని మా నాయన ఏరి ఏరి చేసిన సంబంధం ఇది. ఇన్నేళ్ళకి నాకూ ఒక ఆడబిడ్డ దొరికింది, నాలుగేళ్ళది. దొరికిన రోజే నా మీద చాడీలు మొదలు.